నీలిపూసల దండ

మంగళవారం మధ్యాహ్నం పిల్లల చేత రొట్టెలు తినిపించడం గేస్కె వల్ల కాలేదు. ఒక్కరికీ తిండి మీద ధ్యాస లేదు. ఆదివారం నుంచి చలి బిగిసింది. ఊరి చివర పచ్చికబయలులో నీళ్ళు పెట్టి వదిలిన చోట పైపైన గడ్డకట్టింది. చలి ఇలాగే ఉంటే శుక్రవారం అందరూ స్కేటింగ్ చేసుకునేలా మంచుసెలవు ఇస్తామని హెడ్‌మాస్టరే అన్నాడట. ఫ్రీస్‌లాండ్‌లో అంతకంటే పెద్ద పండగ లేదు. పిల్లలు జున్నురొట్టె ఓ కొరుకు కొరికి పక్కన పడేసి కిటికీలకు అతుక్కుపోయారు. పెద్దవాళ్ళే పనులు మానేసి, గడ్డ ఎంత మందం కట్టిందని ఒకళ్ళనొకళ్ళు అడుగుతూ తిరుగుతుంటే పిల్లల్ని ఏమనగలం.

గేస్కె తెరచాపలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తుంది. మంగళవారాలు, గురువారాలు మధ్యాహ్నం ఆ పని ఆపి బడికొచ్చి, టీచర్లు కాస్త కాఫీ తాగేదాకా పిల్లల భోజనాల దగ్గర ఉంటుంది. జీతం బత్తెం లేని కొలువు. అయినా ఎవరడిగినా వదులుకోదు. కొడుకు రిన్సె ఆ బడిలోనే నాలుగో తరగతి. వాడు ఎంత తిన్నాడు, కడుపు ఉబ్బిందా లేదా, మొహం వాడిందా అని ఓ కన్ను వేసి ఉంచడానికి అంతకంటే మంచి చోటు లేదు.

తిండి అయిందనిపించి అందరూ కోట్లు తొడుక్కుని బయటికి పరుగెత్తారు. ఫర్దౌ అనే పిల్ల ఒక్కతే బల్ల దగ్గర ఉండిపోయింది. రిన్సె క్లాసే. నలుగురు అన్నల వెనక పుట్టింది కాబట్టి ఎవరికీ జడవదు. స్కేట్లు కట్టుకుందంటే దాన్ని అందుకోవడం పై తరగతుల మగపిల్లల తరం కూడా కాదు. అలాంటిది ఇప్పుడు చేతులు కట్టుకుని గోడ కేసి చూస్తోంది.

"నువ్వు వెళ్ళలేదేం?"

"శిక్ష," అంది ఫర్దౌ.

కాఫీ కప్పుతో వచ్చిన అన్నెమీక్ టీచర్ సంగతంతా చెప్పింది. క్లాసులో తలుపు పక్కన కొక్కేనికి ఎర్రపూసల దండ ఒకటి వేలాడుతుంది. టాయిలెట్‌కి వెళ్ళేవాళ్ళు అది మెళ్ళో వేసుకుని వెళ్ళాలి. కొక్కెం ఖాళీగా ఉంటే లోపల ఎవరో ఉన్నట్టు, రెండోవాళ్ళు లేవకూడదు. ఫర్దౌ రోజూ పళ్ళముక్కలు తినడం అవగానే ఆ దండ వేసుకుని మాయమవుతోంది. మళ్ళీ ఎప్పటికో గానీ తిరిగిరాదు. నిన్న యెల్లె అనేవాడు కాళ్ళు మెలిపెట్టి మెలిపెట్టి చివరికి కుర్చీలోనే తడుపుకున్నాడు. ఏం చేస్తావే అంతసేపు అంటే నోరు విప్పదు. ఇంకోసారి జరిగిందంటే శుక్రవారం మంచు లేదు, బడిలో కూర్చుని లెక్కలు చేసుకోవడమే అని చెప్పేసింది టీచర్.

గేస్కెకి ఒళ్ళు మండింది. ఆ దండతో ఆటలాడటమంటే ఆమెకు చర్చిలో ఈలలేసినంత తప్పు.

"నిజంగా అవసరం ఉన్న పిల్లలు ఉంటారమ్మా ఈ బడిలో," అంది. "అది నీ షికార్లకు పెట్టింది కాదు."

ఫర్దౌ తలెత్తి ఆమె వంక సూటిగా చూసింది. ఏదో అనబోయి పెదాలు బిగించుకుంది. "సరే, రిన్సె వాళ్ళమ్మా," అని మళ్ళీ గోడ కేసి తిరిగింది.

అన్నెమీక్ టీచర్ వెళ్ళబోతూ ఆగి, మీకో శుభవార్త అని గేస్కె భుజం తట్టింది. రిన్సె కోసం పెట్టిన నీలిపూసల దండ క్రిస్మస్ సెలవుల ముందు నుంచీ కొక్కెం దిగలేదట. ఇక అక్కర్లేదు టీచర్, నాకు బాగైపోయింది అన్నాడట. క్లాసంతా చప్పట్లు కొట్టారట.

గేస్కె నవ్వింది గానీ ఆ నవ్వు బడి గేటు దాటేలోపే ఆవిరైపోయింది. బాగవడమేమిటి? వాడి పెద్దపేగు చివర పుట్టుకతోనే నరాలు లేవు. పొత్తిళ్ళలో ఉండగానే ఆ ముక్క కోసేసి మిగిలింది కిందికి లాగి కుట్టారు. కుట్టారు సరే, ఆ పేగుకి తన పని తనకు ఇప్పటికీ సరిగ్గా రాదు. రోజూ సాయంత్రం నీళ్ళెక్కించి కడగాలి. కడిగినా, ఏదైనా తిన్న ప్రతిసారీ వెళ్ళి కాసేపు కూర్చోవాల్సిందే, వచ్చినా రాకపోయినా కూర్చోవాల్సిందే అని పెద్దాసుపత్రి డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. బిగబట్టాడంటే కడుపు డోలులా ఉబ్బుతుంది, జ్వరం మీదపడుతుంది, ఆపైన ఆంబులెన్సే. అలా ఓసారి చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. అందుకే ఎర్రదండ కోసం కాచుకోకుండా వాడికంటూ ఒకటి ఉండాలని ఆమె టీచరుతో పోట్లాడి మరీ నీలిదండ పెట్టించింది.

పెట్టించి ఊరుకుందా? గేస్కె నోట్లో నువ్వుగింజ నానదు. దాచితేనే పిల్లలు వెక్కిరిస్తారు, ఉన్నదున్నట్టు చెబితే ఎందుకు వెక్కిరిస్తారు అన్నది ఆమె వాదం. ఆ ఊళ్ళో సగం మంది వాదం కూడా అదే. పిల్లలు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కబుర్లు చెప్పుకునే సోమవారం పొద్దున తనూ వెళ్ళి కూర్చుని, పేగు బొమ్మ పట్టుకుని, ఇదిగో ఇక్కడ కోశారు, ఇక్కడ కుట్టారు అని అంతా విప్పి చెప్పింది. పిల్లలు శ్రద్ధగా విన్నారు. మంచి మంచి ప్రశ్నలు అడిగారు. ఒక్కడూ ఎగతాళి చేయలేదు. ఆ రోజు సైకిలు మీద ఇంటికి వస్తూ ఆమె సంతోషం పట్టలేక ఏడ్చింది కూడా.

ఇప్పుడా దండ కొక్కెం దిగట్లేదంటే వీడు బడిలో వెళ్ళట్లేదన్నమాట. మరి కడుపు మెత్తగానే ఉంటోంది. జ్వరం లేదు. అంటే వెళుతున్నాడు. ఎప్పుడు, ఎక్కడ? తోలుపట్టీ అరచేతికి బిగించుకుని చిరిగిన తెరచాప అంచు కుడుతున్నంతసేపూ అదే గొడవ. మైనం పట్టించిన దారం రెండుసార్లు చిక్కుపడింది. ఆఖరికి సూది విరిగింది.

*

సాయంత్రం నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మణికట్టు మీద పోసుకుని చూసి, సంచీ కొక్కేనికి తగిలించి, గొట్టం కొసకు జెల్ రాసింది. రిన్సె టాయిలెట్ మీద ముందుకు వంగి కూర్చున్నాడు. ఎదురు గోడకి అందరిళ్ళలో లాగానే చుట్టాల పుట్టినరోజుల క్యాలెండరు వేలాడుతోంది. రోజూ దాని ఎదుటే కూర్చుని వాడికి మూడు తరాల పుట్టినరోజులు నోటికొచ్చేశాయి. నానమ్మ కూడా మరిచిపోయిన పెత్తాతల తేదీలు అడిగితే టకటకా చెబుతాడు.

"బడిలో వెళుతున్నావా?" అంది గేస్కె, నీళ్ళు మెల్లగా వదులుతూ.

"ఆఁ."

"నీలిదండ తీయట్లేదట కదా."

వాడు క్యాలెండరు కేసి చూస్తూ, గురువారం యాన్‌కె పెద్దమ్మ పుట్టినరోజు, ఫోన్ చేయాలి అన్నాడు.

"రిన్సె, నిన్నే అడుగుతున్నా."

"వెళుతున్నానమ్మా. కడుపు పట్టుకు చూడు. నొప్పి లేదు. ఇంకేం కావాలి?"

పట్టుకు చూసింది. మెత్తగానే ఉంది. కిందికి పారిన నీళ్ళు చూసింది, అవీ బాగానే ఉన్నాయి. పాల ట్యాంకరు దిగి వచ్చిన మొగుడు ఔకెతో ఈ మాట చెబితే, బఠాణీ సూప్ తాగుతూ, పోతోంది కదా, ఎటు పోతే నీకెందుకు, వదిలెయ్యవే అన్నాడు. ఔకెకి ఈ వారం మంచు తప్ప ఇంకేదీ తలకెక్కదు. వదిలెయ్యడం గేస్కెకి చేతనైన విద్య కాదు. బుధవారమంతా ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. బడి ఒంటిపూటే కావడంతో రిన్సె వంటింట్లో కూర్చుని స్కేట్లకు సాన పట్టుకుంటుంటే, పని ఉన్నా లేకపోయినా అటూ ఇటూ తిరిగి మరకేమైనా ఉందేమోనని వాడి నడుం దగ్గర, లాగు దగ్గర కళ్ళతోనే వెతికింది. వాడు ఓపిగ్గా తిరిగి వీపు కూడా చూపించాడు. ఆ ఓపిక చూస్తే ఆమెకు ఇంకా కలవరం పుట్టింది.

*

గురువారం పొద్దున రిన్సె మార్పుబట్టల సంచీ మరిచిపోయి వెళ్ళాడు. నిజానికి అది వాడి వీపుసంచీ లోంచి తీసి పక్కన పెట్టింది గేస్కే. బడికి వెళ్ళడానికి ఓ వంక కావాలి మరి. పళ్ళు తినే వేళ దాటించి, షెడ్డులో చెప్పి, ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళింది.

వసారాలో ఎవరూ లేరనుకుంది. వరసగా వేలాడుతున్న కోట్ల కింద బెంచీ మీద ఫర్దౌ కూర్చుని ఉంది. మెళ్ళో ఎర్రపూసల దండ. పక్కపక్కనే ఉన్న రెండు టాయిలెట్లలో ఒకదాని తలుపు మూసి ఉంది. ఆ తలుపు ముందు మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా ఒకటి పెట్టి ఉంది. కిటికీ గట్టు మీద కుండీలన్నీ నీళ్ళు నిండి, ఆకులు పసుపెక్కి కుళ్ళిపోతున్నాయి. లోపల్నుంచి సన్నగా కూనిరాగం వినిపిస్తోంది. ఆ గొంతు ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

క్లాసు తలుపు తెరుచుకుని ఓ పిల్లాడు తల బయటపెట్టాడు. ఫర్దౌ మెళ్ళో దండ చూశాడు. ఉసూరుమంటూ మళ్ళీ లోపలికి పోయాడు.

గేస్కెకి అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. మొక్కలకు నీళ్ళు పోసే వంతు రిన్సెది. ఆ వంకన దండ లేకుండా బయటికొస్తాడు. ఎర్రదండ ఈ పిల్ల మెళ్ళో ఉన్నంతసేపూ ఇంకెవరూ ఇటు రారు. మొన్న తను ఆ పిల్లతో అన్న మాటలు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"లోపలికి వెళ్ళకండి, రిన్సె వాళ్ళమ్మా," అంది ఫర్దౌ గొంతు తగ్గించి. "ఎవరైనా వచ్చారంటే వాడికి ఆగిపోతుంది."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"చాన్నాళ్ళయింది. మా ఇంట్లోనూ ఇంతే లెండి. అన్నలు నలుగురూ తలుపు బాదుతూనే ఉంటారు. నాకు తెలుసు ఎలా ఉంటుందో."

ఇంకేదో అడగబోయేంతలో తలుపు తెరుచుకుని అన్నెమీక్ టీచరే వచ్చేసింది. ఫర్దౌని, మెళ్ళో దండని, బెంచీని చూసింది. కేకలేయలేదు, ఆమెకు కేకలేసే అలవాటు లేదు. మనం మాట్లాడుకున్నాం కదా ఫర్దౌ, ఇప్పుడిక రేపు నీకు మంచు లేదు, అది నువ్వే కోరి తెచ్చుకున్నావు, నేను కాదు అంది. తర్వాత గేస్కె వైపు తిరిగి, మీరైనా చూస్తున్నారు కదా అంది.

లోపల కూనిరాగం ఆగిపోయింది.

గేస్కె నోరు తెరిచింది. ఆ పిల్ల తప్పేం లేదు టీచర్ అని మొదలుపెడితే చాలు, తక్కినదంతా దానంతటదే వచ్చేస్తుంది. అలా మాట్లాడటం ఆమెకు ఊపిరి పీల్చినంత తేలిక. కానీ ఫర్దౌ ఆమె వంకే చూస్తోంది. మొహం తెల్లగా పాలిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ పిల్ల మెల్లగా తల అడ్డంగా ఊపింది. గేస్కె తెరిచిన నోరు మూసుకుంది. చేతిలో ఉన్న బట్టల సంచీ కొడుకు కోటు పక్కన తగిలించి, బయటికొచ్చి, సైకిలు తాళం తీసింది. తన జన్మలో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రిన్సె ఆమె వైపు చూడలేదు. బడి వదిలాక, కాలవ గట్టు మీద ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ వస్తుంటే తనే నోరు విప్పాడు.

"టీచరుకి చెప్పేస్తావు కదా?"

"ఆ పిల్లకి అన్యాయం జరిగింది రా."

"తెలుసు. నేనే చెబుతా అని ఫర్దౌతో అన్నాను. చెప్పావంటే నీతో పచ్చి, ఇన్నాళ్ళూ నేను కూర్చున్నదంతా దండగైపోతుంది అంది." వాడు ముక్కు చీదాడు. "నువ్వు చెప్పావనుకో, మళ్ళీ అందరూ అడుగుతారు. వచ్చిందా రిన్సె, వచ్చిందా, అని. మంచిగానే అడుగుతారమ్మా. యెల్లె అయితే మరీ మంచిగా అడుగుతాడు. వచ్చింది అంటే చప్పట్లు. రాలేదు అంటే పర్లేదులే, రేపు వస్తుందిలే అంటారు. ఒకరోజు కాళ్ళ మధ్య తల పెట్టుకుని టాయిలెట్‌లోనే ఉండిపోయా, క్లాసులోకి రాబుద్ధి కాక. వాళ్ళు తిడితే తిరిగి తిట్టేవాణ్ణి. ఇలా అయితే ఏమంటాను?"

గేస్కె గట్టు పొడుగునా చూసింది. తను సంతోషంతో ఏడ్చిన చోటు ఈ గట్టు మీదే ఎక్కడో ఉండాలి.

"చెప్పను," అంది.

వాడు నమ్మలేదు. నమ్మడానికి వాడి దగ్గర ఆధారమేదీ లేదు పాపం.

*

శుక్రవారం తెల్లారేసరికి ఊరంతా మంచు మీదికి పరుగు. గేస్కె మాత్రం ముందు బడికి వెళ్ళింది. అన్నెమీక్ టీచర్ క్లాసులో స్కేట్లు మెడకు వేలాడేసుకుని, ఫర్దౌ కోసం లెక్కల పుస్తకం తీసి బల్ల మీద పెడుతోంది. ఫర్దౌ స్కేట్లు తేనేలేదు. కోటు విప్పకుండానే కూర్చుని ఉంది.

టీచరుని వసారాలోకి పిలిచింది గేస్కె.

"ఆ పిల్లని వదిలెయ్యండి. దండ వేసుకుని అక్కడ కూర్చోమన్నది నేనే."

ఆ అబద్ధం ఇంత నున్నగా వస్తుందని ఆమె అనుకోలేదు. టీచర్ నిర్ఘాంతపోయింది. ఎందుకని అడిగింది. గేస్కె చెప్పనంది. చెప్పననడమేమిటి, మీరేగా అన్నీ విప్పి చెప్పుకోవాలనే మనిషి, సోమవారం పిల్లలందరినీ కూర్చోబెట్టి మాట్లాడుకుందాం, దాచడం దేనికి అని టీచర్ మెత్తగా బతిమాలింది. మంచి మనిషే, అందులో అనుమానం లేదు. అదే గేస్కెకి కష్టంగా ఉంది. నిన్నటిదాకా తను కూడా ఇదే గొంతుతో, ఇవే మాటలు మాట్లాడేది.

"ఇది అందరూ కూర్చుని మాట్లాడుకునేది కాదు," అంది. "రెండు పనులు చేసిపెట్టండి చాలు. ఆ నీలిదండ తీసేయండి. ఎర్రదండలు రెండు పెట్టండి, ఒకటుంటే చాలట్లేదు కదా. రెండోది నేనే గుచ్చి తెస్తాను. ఎవరు తీశారు, ఎంతసేపున్నారు అని అడగొద్దు. తిరిగొచ్చిన వాళ్ళని పలకరించొద్దు."

టీచర్ మెడలోని స్కేట్లు తీసి బెంచీ మీద పెట్టింది. చివరికి రెండో దండ మంచి ఆలోచనేనని ఒప్పుకుంది. నీలిది ఎలాగూ ఊరికే వేలాడుతోంది, తీసేస్తానంది. ఫర్దౌకి శిక్ష లేదంది. కానీ చిన్నపిల్ల చేత రహస్యంగా పనులు చేయించి, దానికి శిక్ష పడుతుంటే నిన్న పక్కనే నిలబడి ఊరుకున్న మనిషిని భోజనాల దగ్గర పెట్టుకోలేనని, మంగళవారం నుంచి ఇంకొకరిని చూసుకుంటానని కూడా అంది. ఆ మాట మార్చుకోలేదు.

"న్యాయమే," అంది గేస్కె. నిన్న ఊరుకున్నందుకైతే అది నిజంగా న్యాయమేనని ఆమెకూ అనిపించింది. ఇక వాడేం తిన్నాడో, మొహం వాడిందో లేదో సాయంత్రం దాకా తెలియదు. క్లాసులోకి వెళ్ళి ఫర్దౌ ముందున్న లెక్కల పుస్తకం మూసి, పద, స్కేట్లు మీ ఇంటి దగ్గర తీసుకుందాం, సైకిలెక్కు అంది. ఆ పిల్ల కారియరు మీద ఎగిరి కూర్చుని, దారిలో ఒక్కటే అడిగింది, చెప్పారా అని. చెప్పలేదంటే వెనకనుంచి ఆమె నడుం గట్టిగా పట్టుకుంది.

మంచు మీద ఇసకేస్తే రాలనంత జనం. ఔకె చిన్నపిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. వేడి చాక్లెట్ అమ్మే గుడిసె దగ్గర ఆవిర్లు, అరుపులు. ఫర్దౌ దిగడం దిగడమే గీత గీసినట్టు జనంలోంచి దూసుకుపోయింది. కాసేపటికి రిన్సె గట్టుకొచ్చి, తల్లిని చూడనట్టే దాటి, స్కేట్ల మీద తడబడుతూ స్కేటింగ్ క్లబ్బు గది వెనకున్న టాయిలెట్‌లోకి వెళ్ళాడు. ఉన్నది అదొక్కటే. పొద్దున ఔకె పెట్టిన గంజి తాగాడు కదా, వెళ్ళాల్సిన వేళే.

గేస్కె వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడింది.

మొదట ఒక ముసలాయన వచ్చాడు. గొళ్ళెం ఇరుక్కుందండీ అని చెప్పి పంపేసింది. తర్వాత యెల్లె వాళ్ళమ్మ వచ్చింది. గేస్కెని చూడగానే ఆవిడ మొహం జాలితో కరిగిపోయింది. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, లోపల రిన్సేనా అంది. "పాపం, చలిలో ఎంత కష్టం. వస్తోందా మరి?"

"రిన్సెనా? వాడు ఆ చివర ఎక్కడో తిరుగుతున్నాడు," అంది గేస్కె మంచు కేసి చెయ్యి చూపిస్తూ. "లోపల ఎవరో పెద్దాయన. ఎంతకీ రాడు. చర్చి పక్కన కాఫీ హోటలుకి వెళ్ళండి, ఖాళీగా ఉంటుంది."

యెల్లె వాళ్ళమ్మ ఆ చివర తిరుగుతున్న ఓ ఎర్ర టోపీని చూసి, నిజమే సుమా, బాగా తిరుగుతున్నాడు అని మెచ్చుకుని వెళ్ళిపోయింది. గేస్కె బూట్లలో వేళ్ళు కొయ్యబారాయి. అడుగు కదల్లేదు. తలుపు తట్టలేదు, వచ్చిందా అని అడగలేదు. అడగకుండా ఉండటానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది.

చాలాసేపటికి గొళ్ళెం తీసిన చప్పుడైంది. రిన్సె టోపీ సర్దుకుంటూ బయటికొచ్చి, తలుపుకి అడ్డంగా ఉన్న తల్లిని నిదానంగా పైనుంచి కిందిదాకా చూశాడు.

"కాస్త తప్పుకుంటారా అండీ," అన్నాడు.

"వెళ్ళండి బాబూ," అంది గేస్కె పక్కకి జరిగి.

వాడు నవ్వు ఆపుకోవడానికి బుగ్గలు బిగించుకుని, ముక్కూ మొహం తెలియని మనిషిని దాటినట్టు ఆమెని దాటుకుని వెళ్ళి మంచు మీద కాలు పెట్టాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ ఆగి వాడి వంక చూడలేదు. క్లాసు పిల్లలు గుంపుగా అటే వస్తే ఆ గుంపులో కలిసిపోయాడు. గేస్కె గట్టు మీదే నిలబడి వాడి ఎర్ర టోపీని కళ్ళతో పట్టుకుని ఉండాలని చూసింది. అక్కడ ఎర్ర టోపీలు చాలా ఉన్నాయి. కాసేపటికి వాటిలో తన కొడుకుది ఏదో ఆమెకూ తెలియలేదు.